పెద్దాఫీసరుకు ఫర్దర్‌మోర్

పురసవాక్కంలో బట్టల కొట్లూ నగల కొట్లూ దాటి, జోనల్ ఆఫీసు గోడ వైపు తిరిగితే, ఎప్పుడో మూతపడిన ఒక టైలరు కొట్టు కనబడేది. దాని చూరు కింద ఒక బల్ల, బల్ల మీద టైపు మిషను, మిషను వెనక యతిరాజులు నాయుడు. 1997లో మీరు ఆ దారిన పోయుంటే ఆయన్ని తప్పించుకుని పోవడం మీ వల్ల అయ్యేది కాదు, ఎందుకంటే పేవ్‌మెంటులో సగం ఆయనే. ఊరి పేరు చెన్నై అయి ఏడాది దాటినా, బల్లకి కట్టిన రేకు బోర్డు మీద ఇంకా మద్రాసే. "మార్చేటప్పుడు నన్నడిగినారా?" అనేవాడు ఎవరైనా కదిలిస్తే.

ఆయన పని ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టడం. ఇంగ్లీషంతా వచ్చని కాదు, ఆ మాట ముందే చెప్పాల. ఆయనకి వచ్చింది కలిపే ఇంగ్లీషు. ఒక కారణానికి ఇంకో కారణం, దానికి మరొకటి, దాని మీద ఇంకొకటి తగిలించే నాలుగైదు మాటలు. వాటితోనే ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చినాడు మహానుభావుడు. ఒకే ఒక్క కారణం చేత పట్టుకుని ఆఫీసు మెట్లెక్కేవాణ్ణి ఏ ఆఫీసరూ మనిషి కింద లెక్కగట్టడని ఆయన నమ్మకం.

"కొళాయిలో నీళ్ళు రాలేదు సార్," అని ఎవరైనా వచ్చి కూచుంటే, "సెరి, ఇంకా?" అనేవాడు.

"ఇంకా ఏముంది సార్? నీళ్ళు రాలా. అంతే."

"అంతే అంటే ఎట్టయ్యా? అంతే అని రాస్తే ఎవుడు చదవతాడు? ఆలోచించు, ఇంట్లో ముసిలోళ్ళు లేరా? చంటిపిల్లలు లేరా? నీళ్ళు లేక వాళ్ళకి ఏమీ కాలేదా?"

పాపం, ఆ వచ్చినవాడు లేని ముసలమ్మను ఒకామెను పుట్టించి, ఆమెకు జ్వరం తెప్పించి గానీ లేచేవాడు కాదు.

ఇక ఆ కలిపే మాటల్లో పెద్దా చిన్నా ఉండాయి. ప్లస్ అనేది ఆయన లెక్కలో మాటే కాదు, కూరగాయల కొట్టువాళ్ళది. ఆల్సో అటెండరుకీ, రేషను కొట్టువాడికీ చాలు. బిసైడ్స్ గుమాస్తాకి, ఇంటి ఓనరుకి, అంటే కొంచెం నవ్వుతా మాట్లాడగలిగినవాళ్ళకి. మోర్‌ఓవర్ హెడ్మాస్టరుకీ, తాసిల్దారుకీ. ఇంజనీర్లకైతే ఇన్ అడిషన్, వాళ్ళకి కూడికలు ఇష్టమని. అన్నిటికీ పైన ఫర్దర్‌మోర్. అది ఏడాదికి నాలుగైదు సార్లు బయటికి తీసే పట్టుచీర. దాన్ని టైపు కొట్టే ముందు చేతులు తుడుచుకునేవాడు, ఒట్టు.

ఈ శాస్త్రం ఆయనకి ఎక్కడ అబ్బిందంటారా? వయసులో ఉండగా రాయపురం హార్బరు దగ్గర ఒక సరుకుల కంపెనీలో టైపిస్టు. మేనేజరు జనార్దనం. ఒకరోజు ఏదో పెద్దాయనకు పోవాల్సిన ఉత్తరంలో యతిరాజులు ఆల్సో అని కొడితే, జనార్దనం ఎర్రసిరాతో దాన్ని అడ్డంగా కొట్టేసి పైన మోర్‌ఓవర్ అని రాసి, "ఎవురికి రాస్తా ఉండావో చూసుకోవద్దా?" అని విసిరికొట్టినాడు. మన పెద్దమనిషికి అదే అక్షరాభ్యాసం, అదే పట్టా. నిజానికి పై లైనులోనే ఒక ఆల్సో ఉంది, వెంటనే మళ్ళీ అదే మాట బాగాలేదని ఆ జనార్దనం మార్చుంటాడు. ఆ సంగతి ఎవరు చెప్పేది? కంపెనీ మూసేసినప్పుడు పాత మిషనుతో పాటు ఆ ఎర్రసిరా కాయితం కూడా ఇంటికి తెచ్చుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టి, వెంకటేశ్వరస్వామి పటం వెనక దాచినాడు.

ఆయన కలుపుడు వల్ల కొంపలు మునగలేదా అంటే, మునిగినాయి. కన్నియప్పన్ అని పాల బూతు నడిపే ఆయన, అద్దె ఇంట్లో పెచ్చులూడతా ఉండాయని ఓనరుకి ఉత్తరం రాయించుకున్నాడు. పెచ్చులూడతా ఉండాయి, అది నిజం, అది చాలు. యతిరాజులు ఊరుకుంటేనా? బిసైడ్స్, వచ్చేపోయే చుట్టాల ముందు పరువు పోతా ఉండాది. మోర్‌ఓవర్, ఆరు నెలలుగా బావమరిది కుటుంబం కూడా మాతోనే ఉండాది కాబట్టి ఇబ్బంది ఎక్కువగా ఉండాది. ఓనరు సున్నం బకెట్టు తీసుకుని రాలేదు. బావమరిది కుటుంబాన్ని వెతుక్కుంటా వచ్చినాడు. రెండు కుటుంబాలూ కలిసి ఇల్లు ఖాళీ చేసినాయి.

కన్నియప్పన్ వచ్చి బల్ల ముందు నిలబడి నానా మాటలూ అంటే, యతిరాజులు ఏమన్నాడో తెలుసా? "ఆయప్ప మోర్‌ఓవర్ దాటిన మనిషని నాకు ముందే చెప్పలేదు నువ్వు. ఫర్దర్‌మోర్ పెట్టుంటే నోరెత్తుండడు."

ఇంట్లో కూతురు జననికి కాలేజీ చదువు, నోట తమిళం. ఒకరోజు నాయన అన్నం ముందు కూచుని, బ్యాంకు మేనేజరుకి బిసైడ్సా మోర్‌ఓవరా అని తనలో తాను గొణుక్కుంటా ఉంటే విన్నది. "ఎల్లాం ఒణ్ణుదానే నైనా! ప్లస్ అని పెట్టెయ్, పనైపోతాది," అనేసింది. అన్నీ ఒకటేనట! ఆ పూట ఆయన అన్నం సగంలో లేచినాడు. భార్య పంకజం మాత్రం ఆ మిగిలిన అన్నం వైపు చూసి, "చదువుకున్న పిల్ల సరిగ్గానే చెప్పింది గదా," అని వినీ వినబడనట్టు అనుకుంది.

ఆ ఏడాది ఐప్పసి నెల వానలకు ముందు, జోనల్ ఆఫీసువాళ్ళు పేవ్‌మెంట్లు ఖాళీ చేయించే పని పెట్టుకున్నారు. ఇద్దరు మనుషులు నోటు పుస్తకంతో వచ్చి, పూలమ్మేవాళ్ళనీ, అరటిపండ్ల బండినీ, చేపల గంపలనీ పేరు పేరునా రాసుకుంటా వచ్చినారు. యతిరాజులుకి ఏ చీటీ లేదు, ఏ అనుమతీ లేదు, ఇరవై రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు కాబట్టి కూచున్నాడు. వాళ్ళు ఇంకా పూలమ్మి దగ్గర ఉండగానే మిషను మీద గుడ్డ కప్పేసి, బోర్డు తిప్పేసి, పేపరు మడిచి చేత్తో పట్టుకుని నిలబడినాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నారు.

"బస్సు కోసం," అన్నాడు.

వాళ్ళు నమ్మి ముందుకు పోయినారు. ఇరవై రెండేళ్ళుగా ఒకే బస్సు కోసం నిలబడిన మనిషిని వాళ్ళు రాసుకోలేదు.

ఇంటికొచ్చి ఈ కథ గొప్పగా చెబితే పంకజం నవ్వలేదు. "ఎట్టనో తప్పించుకున్నారు. ఇంక మీ పేరు ఏ కాయితం మీదికీ ఎక్కనీవాకండి. ఆ బల్ల పోతే మనం ఏం తిని బతకాల? పిల్ల చదువు ఏం గాను?" అంది. యతిరాజులు తలూపినాడు. ఆ తలూపుడు నిజమే. ఆ బల్ల లేకపోతే తాను ఉత్త ముసలోడని ఆయనకీ తెలుసు.

ఆ రాసుకుపోయిన పేర్లలో అమ్మాసిది ఒకటి. అమ్మాసి రోజూ రాయపురం నుంచి మొదటి బస్సులో గంపతో దిగి, ఆయన బల్లకి పదడుగుల దూరంలో కూచుని చేపలమ్మేది. పద్దెనిమిదేళ్ళుగా అదే చోటు. ఇంట్లో మొగుడు మంచం పట్టినాడు, ఆ గంపే ఇద్దరికీ కూడు. ఆమెకు వచ్చిన నోటీసులో ఉన్నదేమంటే, చేపలవాళ్ళందరూ లేవాల, అయితే పదిహేనేళ్ళకు పైబడి ఈడ అమ్ముతా ఉన్నట్టు చూపించినవాళ్ళకి వెనక వీధిలో కట్టిన కొత్త మార్కెట్టులో చేపలు పెట్టి అమ్ముకునేదానికి ఒక బండ ఇస్తారు, శుక్రవారంలోగా అర్జీ పెట్టుకోవాల.

"నువ్వే రాయాల నాయుడన్నా," అని వచ్చి కింద చతికిలబడింది. "బండ రాకపోతే నేను రాయపురం పోయి ఎవురి పక్కన కూచునేది? ఆడ అంగుళం అంగుళం పంచుకోనుండారు. దించిన గంప ఎత్తుకొని మళ్ళా ఇంటికి పోవాల్సిందే."

"నీ దగ్గర ఏముండాది చూపించడానికి?"

అమ్మాసి నడుం దగ్గర నుంచి ఒక అట్ట తీసింది. హెల్తు ఆఫీసువాళ్ళు చేపలవాళ్ళకి ఏటా ముద్ర గుద్ది ఇచ్చే అట్ట. నూనె పట్టి, పొలుసంటి, అంచులు చిరిగి ఉంది గానీ ముద్రలు పద్దెనిమిదీ ఉండాయి. నోటీసు అడిగింది అదే. ఆ అట్ట చూపించి ఒక్క లైను రాస్తే అర్జీ అయిపోయినట్టే. కన్ను ఉన్నవాడెవడికైనా తెలుస్తాది.

"తమిళంలో రాసిచ్చేదానికి మా వీధిలో పిలకాయ ఉండాడు..." అని నసిగింది అమ్మాసి.

"తమిళంలో రాస్తే అటెండరు చదవతాడు," అన్నాడు యతిరాజులు. "ఇది పోతా ఉండేది పెద్దాఫీసరు దగ్గరికి. నువ్వు నోరు మూసుకుని కూచో."

చేతులు తుడుచుకున్నాడు. అంటే ఏది రాబోతా ఉందో మీకు తెలిసిపోయుంటుంది.

మొదటి లైను పద్దెనిమిదేళ్ళది. ఆ తరవాత బిసైడ్స్ వేసి మంచం పట్టిన మొగుణ్ణి దించినాడు. మోర్‌ఓవర్ అని, ఈమె కూచున్న చోట ఎప్పుడూ నీచువాసన రాలేదని కొట్టినాడు. అది చదివి వినిపిస్తే అమ్మాసికే సిగ్గేసింది. "చేపల గంప దగ్గర వాసన రాదంటే ఆయన నవ్వడా అన్నా?" అంది. ఆయన చెవినేసుకోలా. ఇన్ అడిషన్ తగిలించి, గౌరవమైన ఇళ్ళ ఆడవాళ్ళు ఈమె దగ్గరే వంజరం చేప కొంటారని రాసినాడు. ఇప్పటికైనా ఆగితే బాగుండు.

ఆగడు. ఆయన పద్ధతి ఏమంటే, ముందు మాట కొట్టడం, తరవాత కారణం వెతకడం. పెద్దాఫీసరుకి పోయే కాయితంలో ఫర్దర్‌మోర్ లేకపోతే అది మొలతాడు లేని మనిషి లాంటిదని ఆయన బాధ. ఫర్దర్‌మోర్, అని కొట్టి, కామా పెట్టినాడు. ఆ పైన చేతులు ఆగిపోయినాయి. అమ్మాసి బతుకులో ఇంక కారణాలు లేవు. పిల్లలు లేరు, పొలం లేదు, కోర్టు కేసు లేదు, కనీసం ఒక జబ్బయినా లేదు దిక్కుమాలిన దానికి.

అరగంట కూచున్నాడు. చేపల మీద ఈగలు ముసురుతా ఉండాయి.

"కొట్టేసెయ్యన్నా ఆ మాట. ఉన్నది చాల్లే," అంది అమ్మాసి.

"కొట్టివేతలున్న కాయితం పెద్దాఫీసరుకి పంపేదా? ఇన్నేళ్ళ నా పేరేం గాను?"

పేరు అన్నాడో లేదో, ఆయన మొహం వెలిగిపోయింది. సాక్షి! పద్దెనిమిదేళ్ళుగా చూసిన సాక్షి ఈడే కూచోనుంటే ఎక్కడెక్కడో వెతుకుతాడేంది? టకటకా కొట్టేసినాడు. ఫర్దర్‌మోర్, ఇదే పేవ్‌మెంటు మీద, మూసిన టైలరు కొట్టు చూరు కింద, ఇరవై రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా లేవకుండా బల్ల వేసుకుని టైపు కొడుతున్న కింద సంతకందారుడు ఈమెను కళ్ళారా చూసినాడు. కింద తన పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద వంకర్లు తిప్పి సంతకం.

మొత్తం తెలుగులో చదివి వినిపించినాడు. అమ్మాసి ఆఖరి మాట దగ్గర ఆగింది. "నీ పేరెందుకన్నా? నీకూ చీటీ లేదు గదా?"

"సాక్షికి చీటీ ఎందుకే పిచ్చిదానా? నేనేమన్నా బండ అడగతా ఉండానా?" అని నవ్వినాడు.

ఆ సాయంత్రం పంకజానికి ఫర్దర్‌మోర్ గురించి చాలాసేపు చెప్పినాడు. దాని తరవాత ఏం రాసినాడో మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు, ఆయనకి ఆ మాట గుర్తుందే గానీ దాని వెనకున్నది గుర్తు లేదు.

పది రోజులకి అమ్మాసిని ఆఫీసుకి రమ్మన్నారు. తిరిగొచ్చి గంప ముందు కూచోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. "పెద్దాఫీసరు అట్ట చూసినాడన్నా. ముద్రలు ఒక్కొక్కటే వేలు పెట్టి ఎంచినాడు. సెరి, పోమ్మా, కాయితం వస్తాది అన్నాడు. నేను లేచినాక నీ అర్జీ కింద దాకా చదివినాడు. చదివి, కిటికీ దగ్గరికి పోయి, బయటికి తొంగి ఇట్టా చూసినాడు."

"ఎట్టా?"

"ఇట్టనే. నీ వైపే."

యతిరాజులుకి ఒళ్ళు పులకరించింది. ఇరవై రెండేళ్ళలో ఒక పెద్దాఫీసరు తన ఇంగ్లీషు చదివి, ఇది కొట్టిన మనిషెవరా అని కిటికీలోంచి చూడటం! ఆ రోజంతా చొక్కా కాలరు సర్దుకుంటానే ఉన్నాడు. రెండు సార్లు కిటికీ వైపు చూసి దణ్ణం కూడా పెట్టినాడు, ఆడ ఎవరూ లేకపోయినా.

గురువారం మధ్యాహ్నం అమ్మాసి మళ్ళీ వచ్చింది. చేతిలో ముద్ర వేసిన ఇంగ్లీషు ఆర్డరు కాయితం. ఆఫీసు అటెండరు ఆనందన్ ఇచ్చినాడట, బండ వచ్చిందని కూడా చెప్పినాడట, అయినా నాయుడన్న నోటితో వింటే గానీ నమ్మనంది. కొంగుతో బల్ల తుడిచి, కాయితం దాని మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

యతిరాజులు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి లైను, అమ్మాసి అనే ఆమె పద్దెనిమిదేళ్ళుగా అమ్ముతున్నట్టు ముద్రల వల్ల రుజువైనది, పద్నాలుగో నెంబరు బండ ఇవ్వడమైనది. ఒక్క కారణం. మొగుడూ లేడు, వాసనా లేదు, వంజరమూ లేదు. ఆయనకి కొంచెం చిన్నతనం అనిపించింది గానీ, సరేలే అనుకుని కింది లైనుకి దిగినాడు.

ఆల్సో, అని ఉంది. ఆల్సో, అదే పేవ్‌మెంటు మీద అనుమతి లేకుండా ఇరవై రెండేళ్ళుగా ఉన్నట్టు రాతపూర్వకంగా తానే తెలియజేసిన టైపిస్టును సోమవారంలోగా తొలగించవలెను.

ఏం చెప్పమంటారు ఆ మనిషి గురించి? మొదట ఆయనకి కాలింది ఆ తొలగించవలెను దగ్గర కాదు. ఆల్సో దగ్గర! ఇరవై రెండేళ్ళ మనిషిని లేపేదానికి ఒక ఆల్సోనా? అటెండరుకీ రేషను కొట్టువాడికీ వేసే ఆల్సో? ఒక బిసైడ్స్‌కి అయినా పనికిరాలేదా నేను? మొహం ఎర్రగా అయిపోయింది. మిషను మీది కాయితం లాగి, ఆ పెద్దాఫీసరుకి ఇప్పుడే నాలుగు పేజీలు కొట్టాలనిపించింది. ఆ తరవాత రెండోసారి చదివినాడు. ఈసారి సోమవారం కనబడింది. బల్ల కనబడింది. పంకజం అన్నది వినబడింది. మిషను మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తన పేరు ఏ నోటు పుస్తకంలోనూ లేదు. బస్సు కోసం నిలబడి తప్పించుకున్నాడు. దాన్ని ఇంటిపేరుతో సహా వాళ్ళ చేతిలో పెట్టింది ఎవరు? తనే. అడిగినదెవరు? ఎవరూ అడగలా. ఒక కామా తరవాత ఖాళీగా ఉందని పెట్టినాడు.

"చదవన్నా! నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూచుంటావేంది?" అంది అమ్మాసి.

ఆయన తలెత్తి ఆమెను చూసినాడు. కింది లైను చదివితే ఏం జరుగుతాదో ఆయనకి బాగా తెలుసు. ఈ మనిషి ఊరుకునే రకం కాదు. గంప ఆడే వదిలేసి, మెట్లెక్కి, నా సాక్షినే లేపతారా అని ఆఫీసంతా దద్దరిల్లేట్టు అరిచి, నీ బండ నువ్వే పెట్టుకో అని కాయితం పెద్దాఫీసరు బల్ల మీద కొట్టొస్తాది. ఆ పెద్దాఫీసరు పెట్టుకున్నా పెట్టుకుంటాడు.

గొంతు సవరించుకుని మొదటి లైను తెలుగులో చదివినాడు. పద్నాలుగో నెంబరు అన్న దగ్గర అమ్మాసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడస్తానే పోయి, గంపలో ఉన్న వాటిల్లో మంచి వంజరం ముక్క ఆకులో చుట్టి తెచ్చి మిషను పక్కన పెట్టింది.

"నీ ఇంగ్లీషు చలవన్నా ఇది," అంది.

వేరే రోజైతే ఆ మాటకి గంట సేపు ఉపన్యాసం ఇచ్చుండేవాడు.

"సోమవారం నుంచి నేను వెనక వీధిలో. నువ్వు ఈడే ఉంటావు గదా? ఏ కాయితం వచ్చినా నీ దగ్గరికే తెస్తా," అని, కాయితం మడవబోయి ఆగింది. అక్షరం రాకపోయినా కళ్ళున్నాయి ఆమెకు. "కింద ఇంకో లైను ఉండాదే? నువ్వు చదివింది ఒకటే. అంతేనా, ఇంకేమన్నా ఉండాదా?"

యతిరాజులు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అంతే," అన్నాడు.